షట్టర్ దించే వేళ, మూడో వంతు ధరకే

రాత్రి ఏడు దాటింది. కోపెన్‌హాగెన్‌లో ఓ బేకరీ ఇంకో అరగంటలో మూసేస్తారు. అద్దాల అరల్లో రై రొట్టెలు, దాల్చినచెక్క పొడి చల్లిన తీపి బన్నులు ఇంకా మిగిలే ఉన్నాయి. తెల్లవారకముందే లేచి పిసికిన పిండి అది. రేపు పొద్దున వాటిని అమ్మరు. అవి అప్పటికి పాడైపోతాయని కాదు, నిన్నటి సరుకు పెట్టే దుకాణమన్న పేరు ఎవరికీ అక్కర్లేదు. పదేళ్ల కిందటైతే అవన్నీ నల్ల సంచిలోకి, అక్కణ్నుంచి వెనక సందులోని చెత్త డబ్బాలోకి పోయేవి. ఇప్పుడు మధ్యాహ్నమే కొందరు ఫోన్లో డబ్బు కట్టేసి ఉంటారు. చెప్పిన వేళకు ఒక్కొక్కరే వస్తారు, తెర మీద వేలు జరిపి చూపిస్తారు, కట్టి ఉంచిన కాగితం సంచి పట్టుకుని వెళ్లిపోతారు. లోపల ఏముందో ఇల్లు చేరి విప్పేదాకా తెలియదు. అసలు ఖరీదులో మూడో వంతుకే దొరికిందన్నది మాత్రం తెలుసు.

ఆ యాప్ పేరు టూ గుడ్ టు గో. డెన్మార్క్‌లో పుట్టి, యూరప్ అంతా పాకి, 2020లో న్యూయార్క్, బోస్టన్‌లతో అమెరికాలో అడుగుపెట్టి, కెనడా మీదుగా 2024లో ఆస్ట్రేలియా చేరింది. నమోదైన వాడకందార్లు పది కోట్లు దాటారు. ఆ దేశాల్లో చదువుకుంటున్న మన పిల్లల ఫోన్లలోనూ అది ఉంటోంది. ఇంటద్దె, ఫీజు పోగా మిగిలిన డబ్బుతో వారం గడపాల్సిన విద్యార్థికి ఐదు డాలర్లకు పదిహేను డాలర్ల తిండి దొరకడం చిన్న సంగతి కాదు.

కూరగాయల బజారు ఎరిగిన తెలుగువాళ్లకు ఈ పద్ధతిలో వింతేమీ లేదు. పొద్దున కిలో నలభై చెప్పిన టమాటా రాత్రి ఎనిమిదికి ‘కుప్ప ఇరవై’ అవుతుంది. తోపుడు బండి ఇంటికి తోసుకుపోయే ముందు సరుకు వదిలించుకోవాలన్నది అమ్మేవాళ్ల ఆత్రం, అందుకోసమే ఆలస్యంగా బజారుకు వెళ్లడం కొనేవాళ్ల నేర్పు. ఆ చివరి బేరాన్ని అద్దాల దుకాణాల్లోకి తెచ్చిపెట్టడమే యాప్ చేసిన పని. అయితే అద్దాల దుకాణంలో బేరం అంత తేలిగ్గా కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే అసలింత తిండి ఎందుకు మిగులుతోందో కూడా తెలుస్తుంది.

నిండుగా కనపడాల్సిన బల్ల

2015లో డెన్మార్క్‌లో కొందరు యువకుల దృష్టి బఫే హోటళ్ల మీద పడింది. బఫేలో చివరి కస్టమర్ వచ్చినప్పుడు కూడా పళ్లేలన్నీ నిండుగా ఉండాలి. అతను భోంచేసి లేచాక ఆ నిండు పళ్లేలే చెత్త. మూసే ముందు ఆ పదార్థాల్ని డబ్బాల్లో పెట్టి తక్కువకు అమ్మితే హోటల్‌కు నాలుగు డబ్బులు, తినేవాళ్లకు చవక భోజనం. టూ గుడ్ టు గో తొలి రూపం ఇంతే. తర్వాత బేకరీలు, కాఫీ షాపులు, సూపర్ మార్కెట్లు చేరాయి.

ఇప్పుడు ఆ సంస్థను నడుపుతున్న మెట్టె లిక్కె దాని స్థాపకుల్లో ఒకరు కారు. ఆమె అంతకుముందు ఎండోమోండో అనే వ్యాయామ యాప్ స్థాపించినవారిలో ఒకరు. ఓ రోజు బస్సులో పక్కన కూర్చున్న మహిళ తన ఫోన్‌లో ఈ కొత్త యాప్ చూపించిందట. మెట్టెకు అది నచ్చింది. ముందు పెట్టుబడి పెట్టారు, 2017లో సీఈఓగా పగ్గాలు అందుకున్నారు.

ఆ విత్తనం పడే నాటికే డెన్మార్క్‌లో నేల దున్ని ఉంది. సెలీనా యూల్ అనే గ్రాఫిక్ డిజైనర్ మాస్కోలో పుట్టి, తిండికి కటకటలాడిన రోజులు చూసి, ఆ తర్వాత డెన్మార్క్ చేరారు. అక్కడ పారబోస్తున్న తిండి చూసి తట్టుకోలేక 2008లో ఓ ఫేస్‌బుక్ గుంపుతో ఉద్యమం మొదలుపెట్టారు. ఆ ఏడాదే రెమా 1000 అనే సూపర్ మార్కెట్ సంస్థ ‘రెండు కొంటే మూడోది ఉచితం’ తరహా ఆఫర్లు ఎత్తేసింది. ఉచితమని తెచ్చుకున్న మూడోది ఇంట్లో కుళ్లిపోతోందని ఒక వ్యాపార సంస్థ ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. మన సూపర్ బజార్లలో ఒకటికి ఒకటి ఉచితం బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఆ నిర్ణయం గుర్తొస్తుంది.

మిగులు వెనకున్న లెక్క

దుకాణాల్లో తిండి మిగలడం నిర్లక్ష్యం వల్లే అనుకుంటాం. కొంత నిజమే, కానీ పెద్ద భాగం వెనక ఉన్నది కూడికలూ తీసివేతలూ.

ఒక బన్ను తయారీకి 20 రూపాయలు ఖర్చవుతుందని, 60 రూపాయలకు అమ్ముతారని అనుకుందాం. ఒక బన్ను తక్కువ పడితే, వచ్చిన కస్టమర్ వెనుదిరిగితే, యజమానికి పోయేది 40 రూపాయల లాభం. ఒక బన్ను మిగిలిపోతే పోయేది 20 రూపాయల ఖర్చు. ఏది నయం? మిగలడమే నయం. అందుకే అమ్ముడయ్యేదాని కంటే కాస్త ఎక్కువ కాల్చడం ఏ తెలివైన వ్యాపారైనా చేసే పని. దానికితోడు, ఖాళీ అర చూసిన కస్టమర్ రేపు మరో దుకాణానికి వెళ్తాడన్న భయం. మూసే వేళకు కూడా అన్ని రకాలూ ఉండాలని పట్టుబట్టే పెద్ద సంస్థలున్నాయి. లాభం దండిగా ఉన్న సరుకులోనే మిగులూ ఎక్కువ.

మరి మిగిలినదాన్ని ఆ సాయంత్రమే సగం ధరకు పెట్టి అమ్మేయొచ్చు కదా? అమ్మొచ్చు. కాకపోతే, ఏడింటికి సగం ధర అని తెలిస్తే ఐదింటికి కొనేవాడు కూడా ఏడుదాకా ఆగుతాడు. అద్దాల దుకాణం భయమంతా అదే. తోపుడు బండి దగ్గర ఈ బాధ లేదు, ఎందుకంటే పొద్దుటి టమాటా వేరు, రాత్రి నలిగిన టమాటా వేరు. బేకరీలో రెండు వేళలా బన్ను ఒకటే.

ఈ ముడి విప్పింది ఆ మూసిన సంచి. అందులో చాక్లెట్ క్రోసాన్ ఉంటుందో, ఎండు రొట్టె ఉంటుందో ముందు తెలియదు. పుట్టినరోజు కేకు కావాల్సినవాడు, ఫలానా బన్నే తినాలనుకునేవాడు సంచి కోసం ఆగడు, నిండు ధర పెట్టి కొనుక్కుపోతాడు. ఏదైనా ఫరవాలేదు, చవకగా ఉంటే చాలనుకునేవాళ్లే సంచి దగ్గరికి వస్తారు. ఒకే దుకాణంలో, ఒకే రోజు, రెండు ధరలు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా నిలబడ్డాయి. దుకాణదారుకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఏ రకం ఎన్ని మిగులుతాయో పొద్దున్నే చెప్పనక్కర్లేదు, సుమారుగా ఐదు సంచులని పెడితే చాలు. ఏమీ మిగలకపోతే రద్దు చేసి డబ్బు వెనక్కిస్తారు. యాప్ సంస్థ ప్రతి సంచి మీదా కొంత కమిషన్ తీసుకుంటుంది.

అయితే ఆ లెక్కనే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాలి, ఇక్కడే నాకు భయం. మిగిలిన బన్ను యాప్‌లో 20 రూపాయలకు పోతోంది, కమిషన్ ఆరు రూపాయలు పోయినా చేతికి 14 వస్తాయి. అంటే మిగలడం వల్ల పోయేది 20 కాదు, ఆరే. ఇక తక్కువ కాల్చాల్సిన అవసరమేముంది? చెత్త డబ్బాలోకి పోవడం తప్పించిన ఏర్పాటే, ఎక్కువ తయారుచేయడానికి ధైర్యమూ ఇస్తుంది. సంచుల కోసమే ప్రత్యేకంగా కాల్చే దుకాణం ఒక్కటున్నా, వృథా ఆపాలన్న ఉద్దేశమే దెబ్బతింటుంది.

నిజాయతీగా వాడుకునే దుకాణదారుకు మాత్రం యాప్ గొప్ప మేలు చేస్తుంది. అంతవరకూ చీకట్లో చెత్త డబ్బాలోకి పోయిన సరుకు ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. సోమవారం రెండు సంచులు, శుక్రవారం తొమ్మిది అని నెల తిరిగేసరికి కళ్లెదుట కనపడుతుంది. శుక్రవారం పిండి తగ్గించుకునే యజమాని ఆ యాప్‌ను సరిగ్గా వాడుకున్నట్టు. సంచుల సంఖ్య ఏటా పెరుగుతోందని చెప్పే దుకాణం కంటే, తగ్గుతోందని చెప్పే దుకాణానికే నా మెప్పు.

సంచిలో ఏముంటుంది, మనం ఏం తినగలం

విదేశాల్లో మన పిల్లలకు ఎదురయ్యే మొదటి చిక్కు ధరతో కాదు, సంచిలో ఉన్నదానితో. హోటల్ సంచిలో ఏ మాంసమైనా ఉండొచ్చు. గొడ్డు మాంసం, పంది మాంసం తినని ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లకు, అసలు మాంసమే ముట్టనివాళ్లకు అది కట్టిన డబ్బు మీద నీళ్లు. యాప్‌లో శాకాహారం అని ఎంచుకునే వీలుంది. ఆ గుర్తు ఉన్న దుకాణాలనే తీసుకోవడం మంచిది, అనుమానం ఉంటే కౌంటర్ దగ్గర అడగడంలో తప్పులేదు. బేకరీ సంచి సురక్షితమనుకుంటాం. కేకుల్లో గుడ్డు దాదాపు తప్పదు. కొన్ని తీపి పదార్థాల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. కొన్ని రకాల పిండివంటల్లో పంది కొవ్వు కలుపుతారు. పట్టింపు ఉన్నవాళ్లు ఇవన్నీ తెలుసుకునే సంచి పట్టుకోవాలి.

శాకాహారులకు నా దృష్టిలో ఇంకా నప్పేది కెనడాలో పుట్టిన ఫ్లాష్‌ఫుడ్. టొరంటోలో జాష్ డొమింగ్స్ మొదలుపెట్టిన ఈ యాప్‌లో మూసిన సంచి ఉండదు. తేదీ దగ్గర పడిన పాలు, పెరుగు, రొట్టెలు, కాస్త మచ్చపడిన పండ్లు, కూరగాయల పెట్టెలు దేనికదే ఫోటోతో కనపడతాయి. సగం ధర, కొన్నిసార్లు ఇంకా తక్కువ. ఫోన్లో డబ్బు కట్టి, సూపర్ మార్కెట్ ద్వారం దగ్గరుండే ఫ్రిజ్ నుంచి తీసుకోవాలి. పెరుగు, కూరగాయలు, రొట్టె ఉంటే తెలుగింటి వంట సగం అయినట్టే.

సంచి తెచ్చుకున్నాక అసలు పని మొదలవుతుంది. ఎనిమిది బన్నులు ఒక్కరు ఒక్క రాత్రి తినలేరు. తినలేక మూడో రోజు పారేస్తే, దుకాణం చెత్త డబ్బా నుంచి మన చెత్త డబ్బాకు మారిందంతే, మధ్యలో మన డబ్బు కూడా పోయింది. రొట్టెను వచ్చిన రోజే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెడితే వారాల తరబడి ఉంటుంది, నేరుగా పెనం మీద వేసుకోవచ్చు. గట్టిపడిన రొట్టెతో బ్రెడ్ ఉప్మా చేసుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. హైదరాబాద్ పెళ్లి విందుల్లో గొప్పగా వడ్డించే డబల్ కా మీఠా కూడా రొట్టె ముక్కల్ని నేతిలో వేయించి పాకంలో నానబెట్టే వంటకమే. గదిలో ఉన్న నలుగురూ కలిసి ఒక సంచి తీసుకోవడం ఇంకా మంచిది. ఊరి చివరి దుకాణానికి కారేసుకుని వెళ్లి ఐదు డాలర్ల సంచి తెస్తే ఆదా అంతా పెట్రోలుకే పోతుంది, పర్యావరణానికీ మేలుండదు. నడిచివెళ్లే దూరంలో, రోజూ దిగే బస్టాపు దగ్గర దొరికే సంచే సంచి.

తేదీల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆ దేశాల్లో ప్యాకెట్ల మీద రెండు రకాల తేదీలుంటాయి. ‘బెస్ట్ బిఫోర్’ అనేది రుచికి, నాణ్యతకు సంబంధించిన గడువు. అది దాటిన బిస్కట్లు, పాస్తా, పప్పులు చూసి, వాసన చూసి, రుచి చూసి తినొచ్చు. ‘యూజ్ బై’ అని రాసి ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు, ముఖ్యంగా మాంసం, చేపల్లాంటివి. డెన్మార్క్‌లో కొన్ని సంస్థలు 2019 నుంచి బెస్ట్ బిఫోర్ పక్కనే ‘తరచుగా ఆ తర్వాతా బాగానే ఉంటుంది’ అన్న అర్థం వచ్చే మాట కూడా ముద్రిస్తున్నాయి. ఆ ఒక్క వాక్యం ఎంత తిండిని కాపాడగలదో ఆలోచించండి. అమెరికాలో మాత్రం తేదీల మాటలు సంస్థకో తీరుగా ఉంటాయి. పసిపిల్లల పాలపొడికి తప్ప ఆ తేదీల్ని దేశమంతటా శాసించే కేంద్ర చట్టం లేదు. అక్కడ కంటినీ ముక్కునూ నమ్ముకోవాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

డబ్బు తీసుకోని యాప్

లండన్‌లో 2015లోనే మొదలైన ఓలియో కథ వేరు. టెస్సా క్లార్క్ స్విట్జర్లాండ్ నుంచి ఇల్లు ఖాళీ చేస్తున్నారు. కొన్ని చిలగడదుంపలు, ఒక క్యాబేజీ, కొంత పెరుగు మిగిలాయి. యార్క్‌షైర్ రైతుబిడ్డ, పారేయడానికి చేతులు రాలేదు. ఎవరికైనా ఇద్దామని వీధిలోకి వెళ్తే తీసుకునేవాళ్లు కనపడలేదు. చివరికి సామాన్ల పెట్టెల అడుగున దాచి తెచ్చుకున్నారు. పక్కింట్లో అవసరం ఉండొచ్చు, ఆ సంగతి తనకు తెలిసే దారి లేదన్న బాధ నుంచి ఓలియో పుట్టింది. సాషా సెలెస్టియల్ వన్ ఆమెకు జోడీ. అందులో తిండికి డబ్బు తీసుకోరు. ఫోటో పెట్టాలి, దగ్గర్లో ఉన్నవాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. 2020లో టెస్కో తన బ్రిటన్ దుకాణాలన్నిటి మిగులునూ ఓలియో స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా పంచడానికి ఒప్పుకుంది. రాత్రి దుకాణానికి వెళ్లి సరుకు తెచ్చి, ఇంట్లో ఫోటోలు తీసి, ఇరుగుపొరుగుకు పంచుతున్నవాళ్లు మామూలు ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు.

యాప్ ఏదైనా, ఫోన్ లేనివాళ్లకు, బ్యాంకు కార్డు లేనివాళ్లకు అందదు. టూ గుడ్ టు గో మీద యూరప్‌లో వినపడే పెద్ద విమర్శ ఇదే. అంతకుముందు అన్నదాన సంస్థలకు ఉచితంగా వెళ్లిన సరుకు ఇప్పుడు అమ్ముడుపోతే, ఆకలితో ఉన్నవాడి పళ్లెంలోంచి తీసినట్టే. ఈ విమర్శలో పస ఉంది. అయితే బేకరీలో మిగిలిన నాలుగు బన్నుల కోసం రాత్రి ఎనిమిదింటికి ఏ సంస్థా వ్యాను పంపలేదు. అంత చిన్న మిగులుకు యాపే తగిన దారి. టన్నుల్లో మిగిలే సూపర్ మార్కెట్‌కు చట్టం కావాలి. ఫ్రాన్స్ 2016లో ఆ పని చేసింది. అంతకుముందు కొన్ని దుకాణాలు, చెత్తలోంచి ఎవరూ ఏరుకోకుండా పారేసిన తిండి మీద బ్లీచింగ్ ద్రావణం పోసేవి. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినదగ్గ సరుకును అలా పాడుచేయడానికి వీల్లేదని, అన్నదాన సంస్థలతో ఒప్పందం చేసుకోవాల్సిందేనని చట్టం తెచ్చారు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల తిండి పారేసింది. అందులో దుకాణాల వాటా 13 కోట్ల టన్నులు, హోటళ్లు, క్యాంటీన్లలాంటి చోట్ల 29 కోట్లు. మిగతా 63 కోట్లూ ఇళ్లలోనే. మూసే వేళ సంచులు ఎన్ని అమ్మినా అవి తాకేది మొదటి రెంటినే.

మన దగ్గర ఎందుకు లేదు

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇలాంటి సంచి ఇంటింటి మాట కాలేదు. దానికి ఒక మంచి కారణం, కొన్ని చెడ్డ కారణాలు ఉన్నాయి.

మంచి కారణం మన చిన్న హోటళ్లు. ఇడ్లీ బండి పది గంటలకు ‘అయిపోయింది’ అంటుంది. ఆ మాట అనడానికి బండి యజమాని సిగ్గుపడడు, అది అతని పరువు. రుబ్బిన పిండి ఎంతో అమ్మకం అంతే. రేపు ఇంకాస్త ముందొస్తాం తప్ప అతన్ని వదిలేయం. డెన్మార్క్ బేకరీకి భరించలేనంత నష్టంగా కనపడే ఖాళీ అర మన టిఫిన్ సెంటర్‌కు మంచి పేరు తెస్తుంది. వృథా ఆపడానికి ఇంతకంటే మేలైన పద్ధతి ఏ యాప్‌లోనూ లేదు. పుట్టగొడుగుల్లా వచ్చిన కొత్త కేఫ్‌లు, మాల్స్‌లోని ఫుడ్ కోర్టులు ఈ అలవాటు పోగొట్టి, అర్ధరాత్రి దాకా అన్నీ దొరకాలన్న పట్టుదల నేర్పుతున్నాయి. అవి పెరిగేకొద్దీ మన ఊళ్లలోనూ రొట్టెల మిగులు పెరుగుతుంది.

చెడ్డ కారణాల్లో మొదటిది వేడి. రొట్టె మర్నాటికి ఎండుతుంది, అన్నం, కూర మర్నాటికి విషమవుతాయి. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగానో, ఐదు డిగ్రీల లోపు చల్లగానో ఉండాలి. ఆ మధ్యలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మే నెల హైదరాబాద్‌లో గది వేడే 35 దాటుతుంది. మధ్యాహ్నం రెండింటి కూరను రాత్రి ఎనిమిదింటికి సంచిలో పెట్టి అమ్మడం నేరం. చద్దన్నం మాటేమిటంటారా? దాన్ని రాత్రే నీళ్లలోనో మజ్జిగలోనో వేసి పులియబెట్టేవాళ్లు, పులుపే దాన్ని కాపాడేది. మూత పెట్టి మరిచిపోయిన అన్నం వేరు.

రెండోది తేదీ భయం. 2024 నవంబరులో ఆహార భద్రత ప్రాధికార సంస్థ, ఆన్‌లైన్‌లో అమ్మే ఆహార పదార్థాలకు ఇంటికి చేరే వేళకు కనీసం 30 శాతం గడువో, 45 రోజులో మిగిలి ఉండాలని చెప్పింది. కాలం తీరబోతున్న సరుకును గుట్టుగా అంటగట్టే ఆన్‌లైన్ దుకాణాల నుంచి కొనేవాళ్లను కాపాడటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం సరైనదే. కానీ ‘వారంలో గడువు తీరుతుంది, అందుకే సగం ధర’ అని బోర్డు పెట్టి చెప్పి అమ్మేవాళ్లకు వేరే దారి చూపాలి. గుట్టుగా అమ్మడం వేరు, చెప్పి అమ్మడం వేరు.

అదే నెలలో జొమాటో ఓ ప్రయత్నం చేసింది. డబ్బు వెనక్కి రాదని చెప్పినా నెలకు నాలుగు లక్షలకు పైగా ఆర్డర్లు రద్దవుతున్నాయని ఆ సంస్థ అప్పటి అధినేత దీపిందర్ గోయల్ చెప్పారు. అలా రద్దైన ప్యాకెట్ డెలివరీ కుర్రాడి చేతిలో ఉండగానే, చుట్టూ మూడు కిలోమీటర్లలో ఉన్న కస్టమర్లకు కొద్ది నిమిషాలపాటు తక్కువ ధరకు కనపడుతుంది. ఐస్‌క్రీములు, షేక్‌లలాంటివి ఇందులోకి రావు. వచ్చిన డబ్బును పన్నులు పోను సంస్థ ఉంచుకోదని, మొదట కొన్నవారికి, హోటల్‌కు పంచుతుందని ప్రకటించారు. మన పద్ధతికి తగిన ఆలోచన ఇది. వేడి చల్లారకముందే, అరగంటలోపే చేతులు మారుతుంది.

మన అసలు మిగులు ఉన్నది ఫంక్షన్ హాళ్లలో. ఐదొందల మందికి చెప్పి ఏడొందల మందికి వండిస్తాం. కూరలు ఇరవై రకాలు లేకపోతే వియ్యంకుల ముందు తలవంపులనుకుంటాం. ఇక్కడా బేకరీ లెక్కే నడుస్తోంది. తక్కువ పడితే పరువు నష్టం, మిగిలితే డబ్బు నష్టం, పరువే ఖరీదైనది కాబట్టి మిగులుతుంది. ఆ అన్నాన్ని ఏ యాపూ సంచుల్లో అమ్మలేదు. దానికి రాబిన్ హుడ్ ఆర్మీలాంటి స్వచ్ఛంద బృందాలు, ఆ వేళకు ఒక వాహనం, మూతలున్న పాత్రలు కావాలి. 2014లో ఢిల్లీలో మొదలై హైదరాబాద్‌తో సహా చాలా నగరాలకు పాకిన ఆ కార్యకర్తలు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు, మిగిలిన భోజనాన్ని అదే పూట పంచుతారు. దాతల నుంచి తీసుకుని ఉచితంగా పంచే సంస్థల కోసం 2019లోనే కేంద్రం నిబంధనలు చేసింది. దారి ఉంది. ఫోన్ రావాల్సిన వేళకు రాకపోవడమే కొరత. వడ్డన అయిపోయి, బంధువులు వెళ్లిపోయి, సాయంత్రం నాలుగింటికి చేసే ఫోన్ ఎవరికీ ఉపయోగపడదు. చివరి బంతి లేవకముందే వంట మేస్త్రీ గంగాళాల వైపు చూసి ఎంత మిగులుతుందో చెప్పగలడు. అడగాలి, అంతే.

కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో మాట. విదేశాల్లో ఉన్న పిల్లలూ, సంచి తెచ్చుకోండి, నలుగురు పంచుకోండి, తినలేనంత తెచ్చుకోకండి. ఇక్కడి బేకరీల, స్వీట్ షాపుల యజమానులూ, యాప్ కోసం ఆగనక్కర్లేదు. రాత్రి తొమ్మిది తర్వాత మిగిలిన పఫ్‌లు, బన్నులు మూసిన సంచిలో సగం ధరకని తలుపు మీద ఒక కాగితం అంటించండి. మిగిలినవి ఎన్నో నెల రోజులు రాసుకోండి. ఈ శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లూ, కేటరింగ్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే రోజునే మీ ఊళ్లో భోజనం తీసుకెళ్లే బృందానికి ఫోన్ చేసి, పెళ్లి తేదీ, హాలు పేరు, చివరి బంతి వేళ చెప్పి ఉంచండి.